మదర్‌బోర్డు మార్చాక విండోస్ మళ్ళీ వేయాలా?

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో తొలకరి ఉరుములు మొదలయ్యాయంటే నా బల్ల మీదికి కాలిన బోర్డులు వస్తాయి. కరెంటు ప్లగ్గు తీసినవారు కూడా ఇంటర్నెట్ వైరు తీయడం మరచిపోతారు. పిడుగు దెబ్బ ఆ వైరు వెంటే లోపలికి వస్తుంది. మొన్న వచ్చినది శుభలేఖలు టైపు చేసి కూర్చే ఒక డీటీపీ దుకాణం కంప్యూటర్. ఇంటర్నెట్ వైరు దూర్చే లాన్ పోర్టు పక్కన గోరంత చిప్పు ఉబ్బి, నడుమ సూదితో పొడిచినట్టు బెజ్జం. “బాబూ, బోర్డు మార్చు. విండోస్ జోలికి మాత్రం వెళ్ళకు” అన్నారు యజమాని. ఆయన భయం నాకు అర్థమైంది. ఆంధ్రాలోని పాతపట్నం వైపు వెళ్ళే శుభలేఖలకు అను తెలుగు ఫాంట్లు, ఇక్కడ పంచేవాటికి అకృతి ఒడియా ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు అమరికలు. అవన్నీ మళ్ళీ కూర్చుకునేసరికి ముహూర్తాలు దాటిపోతాయి.

ముందు డేటాకు నకలు తీసి, పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్త బోర్డుకు తగిలించి చూడటం నా పద్ధతి. ఎక్స్‌పీ కాలంలో బోర్డు మారిస్తే చాలాసార్లు విండోస్ ఆగిపోయి నీలితెర వచ్చేది. విండోస్ 10, 11 చాలావరకు కొత్త భాగాలను తామే గుర్తుపట్టి లేచి కూర్చుంటాయి. లేవకపోతే ఇలా వెతకండి.

ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది

విండోస్‌కు దీనితో సంబంధం లేదు. ప్రాసెసర్ దగ్గరి 4 లేదా 8 పిన్నుల కరెంటు వైరు పెట్టారా, ర్యామ్ టక్కుమని కూర్చుందా చూడండి.

బూట్ డివైస్ లేదంటుంది

పాత యంత్రం లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో, దానికి తగిన ఎంబీఆర్ అమరిక ఉన్న డిస్కుతో నడిచి ఉంటుంది. కొత్త బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిని మాత్రమే చూస్తోంది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) పాత పద్ధతిని నడవనిచ్చే సీఎస్ఎం ఉంటే ఆన్ చేయండి. కొన్ని కొత్త బోర్డుల్లో అది ఉండనే ఉండదు. అప్పుడు విండోస్ 10తో వచ్చిన ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టుతో, ఫైళ్ళు చెరగకుండానే డిస్కును యూఈఎఫ్ఐకి తగిన జీపీటీ అమరికకు మార్చుకోవచ్చు. నకలు తీయమని ముందే చెప్పింది ఇలాంటి చోటు కోసమే.

నీలితెర, దాని మీద ‘ఇనాక్సెసబుల్ బూట్ డివైస్’

డిస్కు కనబడుతోంది, దాన్ని చదివే డ్రైవరు (భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము) మాత్రం విండోస్ దగ్గర సిద్ధంగా లేదు. బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతులు కొన్ని ఉంటాయి. పాత బోర్డు ఏహెచ్‌సీఐలో నడిస్తే కొత్తది రెయిడ్‌లోనో వీఎండీలోనో ఉండవచ్చు. బయోస్‌లో పాత పద్ధతికే మార్చండి. అప్పటికీ లేవకపోతే ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, మామూలుగా రీస్టార్ట్ చేయండి. చాలామంది ఈ తెర చూడగానే ఫార్మాట్‌కు దిగుతారు. బయోస్‌లో ఒక్క వరుస మారిస్తే పోయే జబ్బుకు అంత వైద్యం ఎందుకు?

48 అంకెల కీ అడుగుతుంది

డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంది. తాళంచెవి పాత బోర్డులోని టీపీఎం అనే భద్రతా చిప్పులో ఉండిపోయింది. రికవరీ కీ యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరకవచ్చు. పాత బోర్డు ప్రాణంతో ఉండగానే మారుస్తుంటే ముందుగా బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. కీ ఎక్కడా లేకపోతే ఆ డేటా మీద ఆశ వదులుకోవలసిందే.

లేచింది, ఇంటర్నెట్ రాదు

లాన్ డ్రైవరు లేదు. వేరే యంత్రంలో దించుకుని పెన్‌డ్రైవ్‌తో తెచ్చి వేయండి.

యాక్టివేషన్ పోయింది

బోర్డు మారితే విండోస్ దాన్ని కొత్త యంత్రంగా లెక్కిస్తుంది. లైసెన్సు విడిగా కొన్నదైతే, ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించి ఉంటే, యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పి తిరిగి తెచ్చుకోవచ్చు. యంత్రంతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు సాధారణంగా పాత బోర్డుతోనే పోతుంది. దీనికి ఫార్మాట్ చేసినా ఒరిగేదేమీ లేదు.

మరి ఎప్పుడు మళ్ళీ వేయాలి? డ్రైవర్లన్నీ సరిచేసినా యంత్రం పదేపదే బిగుసుకుపోతుంటే. లేదా డిస్కులో విండోస్ 7 ఉంటే: దానికి యూఎస్‌బీ 3 డ్రైవర్లు లేవు, చాలా కొత్త బోర్డుల మీద కీబోర్డు, మౌసు కూడా పనిచేయవు.

డీటీపీ యంత్రానికి వచ్చినది నీలితెర జబ్బే. ఏహెచ్‌సీఐకి మార్చగానే లేచింది. యజమాని కుర్చీ దగ్గరికి లాక్కుని, సగంలో ఆగిన శుభలేఖ తెరిచి, ‘లక్ష్మి’ కింద ఒత్తులు సరిగా ఉన్నాయో లేదో వేలితో తెర మీద తడిమి చూసుకున్నారు.