లినక్స్‌లో ఏ వేరియంట్ వేస్కోవాలి: డెస్క్‌టాప్‌కి ఏది, సర్వర్‌కి ఏది

ఏ లినక్స్ మంచిది అని ఎవర్నైనా అడిగి చూడండి, వాళ్ళు వాడేదే చెప్తారు, అది మీ పనికి సరిపోతుందా లేదా అని ఆలోచించేవాళ్ళు తక్కువ. డిస్ట్రో (ఉబుంటూ, డెబియన్ లాంటి లినక్స్ రకం) పేరు కంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆ మెషీన్ ముందు రోజూ మనిషి కూర్చుంటాడా, లేక అది ఓ మూల పడి ఉండి తన పని తాను చేసుకుపోతుందా. రెండు, ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక ఎన్నేళ్ళు దాని జోలికి పోకుండా ఉండాలనుకుంటున్నారు. ఈ రెండూ తేలితే సగం పేర్లు వాటంతటవే పక్కకి పోతాయి.

ముందు ఈ డెస్క్‌టాప్ ఎడిషన్, సర్వర్ ఎడిషన్ గోల చూద్దాం

సర్వర్ ఎడిషన్ అంటే లోపల ఏదో వేరే సరుకు ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉబుంటూలో ఒకప్పుడు సర్వర్‌కి విడిగా కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే సిస్టమ్ గుండెకాయ) ఉండేది నిజమే గానీ 12.04 వెర్షన్ నుంచి దాన్ని మామూలు కెర్నల్‌లో కలిపేశారు. ఇప్పుడు రెండు ఎడిషన్లూ ఒకే రిపోజిటరీల (సాఫ్ట్‌వేర్ దాచి ఉంచే ఆన్‌లైన్ గోడౌన్‌లు) నుంచి ప్యాకేజీలు తెచ్చుకుంటాయి, సర్వర్ మీద డెస్క్‌టాప్ వేస్కోవచ్చు, డెస్క్‌టాప్ మీద వెబ్ సర్వర్ వేస్కోవచ్చు, ఎవరూ ఆపరు. డెబియన్‌లో అయితే అసలు రెండు ఎడిషన్లే లేవు, ఒకటే ఇన్‌స్టాలర్, చివర్లో డెస్క్‌టాప్ కావాలా, ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే దారి) సర్వర్ కావాలా అని టిక్కులు పెట్టే స్క్రీన్ ఒకటి వస్తుంది, అక్కడ డెస్క్‌టాప్ టిక్కు తీసేస్తే సర్వర్, ఉంచితే డెస్క్‌టాప్, అంతే.

మరి తేడా ఎక్కడుందంటే డీఫాల్ట్ సెట్టింగుల్లో. ఇవి చూడ్డానికి చిన్నవే గానీ తర్వాత గంటల తరబడి తల పట్టుకునేలా చేసేవి ఇవే. గ్నోమ్ (స్క్రీన్ మీద మెనూలు, విండోలు చూపించే ఒక డెస్క్‌టాప్) ఉన్న మెషీన్‌ని తెచ్చి సర్వర్‌లా వాడదామని పెడితే, ఎవరూ మౌస్ కదపట్లేదు కదా అని అది కాసేపటికి సస్పెండ్ అయిపోవచ్చు, లాగిన్ స్క్రీన్ దగ్గర వదిలేసినా సరే. ఇక మీరు బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్ కొడుతుంటే కనెక్ట్ అవ్వదు, నెట్ పోయిందేమో అని రౌటర్‌ని తిడుతూ కూర్చుంటారు. ఫెడోరాలో ఫైర్‌వాల్ సంగతి ఇంకా చిత్రం: వర్క్‌స్టేషన్ ఎడిషన్‌లో 1025 నుంచి 65535 దాకా పోర్టులన్నీ బయటికి తెరిచే ఉంటాయి, డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి ఫైల్ షేరింగ్ లాంటివి ఇబ్బంది లేకుండా పనిచెయ్యాలని అలా పెట్టారు, అదే సర్వర్ ఎడిషన్‌లో ఎస్ఎస్‌హెచ్, కాక్‌పిట్ (బ్రౌజర్‌లోంచి సర్వర్‌ని చూస్కునే టూల్) లాంటి రెండు మూడు తప్ప ఏవీ తెరిచుండవు. అంటే పేరు ఒకటే ఫెడోరా అయినా, వర్క్‌స్టేషన్‌ని తీసుకెళ్ళి నేరుగా ఇంటర్నెట్ మీద పెడితే సర్వర్ అయిపోదు.

ఉబుంటూలో ఇంకో తేడా ఉంది. ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్ళు సపోర్ట్ ఉండే రిలీజ్) డెస్క్‌టాప్‌కి మధ్యమధ్యలో కొత్త కెర్నల్ దానంతటదే వస్తూ ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌ల హార్డ్‌వేర్ గుర్తుపట్టాలి కాబట్టి. సర్వర్ మాత్రం రిలీజ్ రోజు ఏ కెర్నల్‌తో వచ్చిందో మామూలుగా దాని మీదే ఉంటుంది, సెక్యూరిటీ ఫిక్సులు మాత్రం వస్తాయి. నెట్‌వర్క్ కూడా డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ మేనేజర్ చూస్కుంటే సర్వర్‌లో సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ చూస్కుంటుంది, అందుకే ఒకదాని గైడ్ చూసి ఇంకోదాన్లో ఐపీ మార్చబోతే ఏం జరగదు.

సర్వర్‌కి స్క్రీన్ మీద బొమ్మలు కావాలా అంటే నా మాట వద్దు. ర్యామ్ ఖర్చు ఒక సంగతి, అంతకంటే ముఖ్యం ఏంటంటే ఎవరూ చూడని బ్రౌజర్, సౌండ్, ప్రింటర్ ప్యాకేజీలు వందల కొద్దీ వచ్చి కూర్చుంటాయి, వాటన్నిటికీ అప్‌డేట్లు వేస్తూ ఉండాలి. కమాండ్ లైన్ అంటే భయమైతే కాక్‌పిట్ వేస్కోండి, పక్క కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి 9090 పోర్టుకి వెళ్తే డిస్కులు, లాగ్‌లు, సర్వీసులు అన్నీ క్లిక్కులతోనే చూస్కోవచ్చు.

ఎక్స్‌పైరీ డేట్ చూడకుండా ఏదీ డౌన్‌లోడ్ చెయ్యొద్దు

నన్నడిగితే అసలు ఎంపిక జరిగేది ఇక్కడే. ఉబుంటూలో రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ వస్తుంది, దానికి 5 ఏళ్ళ సపోర్ట్. మధ్యలో ఆరు నెలలకోసారి వచ్చే మామూలు రిలీజులకి 9 నెలలే. డౌన్‌లోడ్ పేజీలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, నంబర్ పెద్దదుంది కదా అని కొత్తది తీస్కుంటే 9 నెలల్లో మళ్ళీ అప్‌గ్రేడ్ పని మీ నెత్తిన పడుతుంది. ఉబుంటూ ప్రో అని ఒకటుంది, సొంత వాడకానికి 5 మెషీన్ల వరకు ఫ్రీ, దాంతో సెక్యూరిటీ అప్‌డేట్లు 10 ఏళ్ళ దాకా వస్తాయి, ఖాతా ఒకటి తెరవాలి అంతే. కుబుంటూ, జుబుంటూ, లుబుంటూ లాంటి ఫ్లేవర్లకి (అదే ఉబుంటూ, వేరే డెస్క్‌టాప్‌తో) మాత్రం ఎల్‌టీఎస్ అయినా 3 ఏళ్ళే, ఇది చాలామంది గమనించరు.

డెబియన్ స్టేబుల్ సుమారు రెండేళ్ళకోటి వస్తుంది, 3 ఏళ్ళు పూర్తి సపోర్ట్, ఆ పైన 2 ఏళ్ళు ఎల్‌టీఎస్ టీమ్ చూస్కుంటుంది. 12వ వెర్షన్ 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో వచ్చాయి. ఫెడోరా ఆరు నెలలకోటి, ఒక్కోదానికి 13 నెలలు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్, దాని దారిలో నడిచే అల్మా, రాకీ అయితే 10 ఏళ్ళు. ఆర్చ్, ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్ లాంటి రోలింగ్ వాటికి ఎక్స్‌పైరీ అనేదే ఉండదు గానీ అప్‌డేట్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి, నెలల తరబడి ముట్టుకోకుండా వదిలేసి ఒకేసారి అప్‌డేట్ కొడితే ఏదో ఒకటి మొరాయించే ఛాన్స్ ఎక్కువ.

డెస్క్‌టాప్‌కి

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయాక బాగానే ఉన్న పాత కంప్యూటర్లని ఏం చెయ్యాలా అని ఇటు చూసేవాళ్ళు చాలామంది. వాళ్ళకి మొదటిసారి అయితే లినక్స్ మింట్ సినమన్ వేస్కోమంటాను, ఎందుకంటే మెనూ, టాస్క్‌బార్ అన్నీ అలవాటైన చోటే ఉంటాయి, కింద ఉన్నది ఉబుంటూ ఎల్‌టీఎస్ కాబట్టి నెట్‌లో దొరికే ఉబుంటూ సలహాల్లో చాలావరకు పనిచేస్తాయి. యాప్‌లు వేస్కునే పద్ధతుల్లో స్నాప్ మాత్రం మింట్‌లో డీఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది, అలాంటిదే ఇంకోటి ఫ్లాట్‌ప్యాక్ ఉంటుంది (స్నాప్ మీద జరిగే గొడవలు చదువుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది, ఇప్పుడొద్దు). ర్యామ్ 4 జీబీ లేదా అంతకంటే తక్కువైతే సినమన్ బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న వేరియంట్ తీస్కోండి. అయితే ఒకటి, డెస్క్‌టాప్ ఎంత తేలికైనా బ్రౌజర్ తేలికవ్వదు, పది ట్యాబులు తెరిస్తే ఏ వేరియంట్ అయినా ఒకటే, పాత మెషీన్‌కి డిస్ట్రో మార్చడం కంటే హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టడం వల్ల తేడా బాగా తెలుస్తుంది.

మరీ పాత 32 బిట్ మెషీన్ అయితే దారులు మూసుకుపోతున్నాయి, డెబియన్ కూడా 13 నుంచి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ ఇవ్వట్లేదు.

ల్యాప్‌టాప్ ఈ మధ్యే కొన్నదైతే లెక్క వేరు. కొత్త వైఫై చిప్, కొత్త గ్రాఫిక్స్ పనిచెయ్యాలంటే కొత్త కెర్నల్ కావాలి, అక్కడ ఫెడోరా వర్క్‌స్టేషన్ బాగుంటుంది, గ్నోమ్ నచ్చకపోతే కేడీఈ ఎడిషన్ ఉంది, 42వ వెర్షన్ నుంచి దానికీ వర్క్‌స్టేషన్‌తో సమాన హోదా ఇచ్చారు. ఎన్‌విడియా కార్డు ఉంటే మాత్రం ఉబుంటూ, మింట్‌లలో డ్రైవర్ టూల్ తెరిచి క్లిక్ చేస్తే పని అయిపోతుంది, ఫెడోరాలో వేరే రిపోజిటరీ కలుపుకోవాలి, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్‌లో నడవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఇంకో మెట్టు ఎక్కువ.

ఏది అనుకున్నా ముందు పెన్‌డ్రైవ్ మీద లైవ్‌గా నడపండి. వాల్‌పేపర్ చూసి మురిసిపోవడం కాదు, వైఫై కనెక్ట్ చెయ్యండి, హెడ్‌ఫోన్స్ పెట్టి పాట వినండి, కెమెరా, బ్లూటూత్, రెండో మానిటర్ చూడండి, మూత మూసి తెరిచి నిద్ర లేస్తుందో లేదో చూడండి. ఈ ఆఖరిది అందరూ మర్చిపోతారు, తర్వాత ఎక్కువ విసిగించేదీ అదే.

సర్వర్‌కి

ఇక్కడ ఎంచుకోవడం నిజానికి తేలిక, డెబియన్ స్టేబుల్ లేదా ఉబుంటూ సర్వర్ ఎల్‌టీఎస్, రెండిట్లో ఏదైనా పర్లేదు. సొంత సైట్లు, ఫైల్ సర్వర్, కంటైనర్లు (ప్రోగ్రామ్‌లని విడివిడి డబ్బాల్లో నడిపే పద్ధతి) అయితే నా ఓటు డెబియన్‌కి, ఊరికే ఏదీ మారదు కాబట్టి. ఏ క్లౌడ్‌లో చూసినా రెడీగా ఉండేది, గైడ్లు ఎక్కువ ఉండేది ఉబుంటూ. ఉబుంటూ సర్వర్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడిపోయేలా ముందే సెట్ చేసి ఉంటుంది, కానీ ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసే ముందు ఎస్ఎస్‌హెచ్ పోర్ట్‌కి పర్మిషన్ ఇచ్చారో లేదో చూస్కోండి, లేదంటే మిమ్మల్ని మీరే బయట పెట్టి తలుపేసుకున్నట్టు.

కంపెనీ సాఫ్ట్‌వేర్ ఏదో రెడ్ హ్యాట్ మీదే సపోర్ట్ చేస్తామంటే అల్మా లేదా రాకీ చూడండి. అసలు ఈ రెండూ పుట్టిందే రెడ్ హ్యాట్‌కి ఫ్రీ నకలు లాంటి సెంటోస్ దెబ్బకి: సెంటోస్ 8కి 2029 దాకా సపోర్ట్ అనుకుని సర్వర్లు పెట్టుకుంటే, 2020 డిసెంబర్‌లో ప్రకటన వచ్చింది, 2021 చివరికల్లా ఆపేశారు. ఎక్స్‌పైరీ డేట్‌తో పాటు దాని వెనకాల ఎవరున్నారో కూడా చూడమనేది అందుకే. డబ్బు కట్టకుండా అసలు రెడ్ హ్యాట్‌నే వాడాలంటే డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఉంది, ఒక్కరికి 16 సిస్టమ్‌ల వరకు. ఇంకో చిక్కు, రెడ్ హ్యాట్ 10కి ఏవీఎక్స్2 (ప్రాసెసర్‌లో ఉండే ఒక ఇన్‌స్ట్రక్షన్ల సెట్) ఉన్న ప్రాసెసర్ ఉండాలి, అంటే ఇంటెల్‌లో సుమారు 2013 తర్వాతవి, అవీ అన్నీ కాదు. పాత డబ్బా మీద వెయ్యాలంటే అల్మా వాళ్ళు దానికోసం విడిగా ఇంకో బిల్డ్ ఇస్తున్నారు, రాకీ 10లో అది లేదు.

ఫెడోరా సర్వర్ మంచిదే గానీ ఏడాదికోసారైనా అప్‌గ్రేడ్ చెయ్యాలి, ఓపికుంటే చూడండి. ఆల్పైన్ కంటైనర్లకి బాగా చిన్నగా ఉంటుంది, కానీ అందులో సీ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లు చాలావరకు ఆధారపడేది) మసల్, మామూలు జీలిబ్‌సీ కాదు, వేరే డిస్ట్రోల కోసం కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌లు తెచ్చి పెడితే కొన్ని నడవవు.

ఒక్కటే మెషీన్, పగలు దాని మీదే పని, రాత్రి అదే ఫైల్ సర్వర్ అంటారా? డెబియన్‌తో ఎక్స్‌ఎఫ్‌సీఈ టిక్కు, దాంతో పాటు ఎస్ఎస్‌హెచ్ సర్వర్ టిక్కు కూడా పెట్టి ఇన్‌స్టాల్ చేసి, పవర్ సెట్టింగుల్లో సస్పెండ్ ఆపేయండి. తర్వాత ఎప్పుడైనా మానిటర్ తీసేసి పూర్తిగా సర్వర్ చేసేద్దామనిపిస్తే మళ్ళీ ఇన్‌స్టాల్ అక్కర్లేదు, సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో డీఫాల్ట్ టార్గెట్‌ని (బూట్ అయ్యాక ఏ మోడ్‌లోకి వెళ్ళాలో చెప్పేది) గ్రాఫికల్ నుంచి మల్టీ యూజర్‌కి, అంటే బొమ్మలు లేని మోడ్‌కి మార్చి రీబూట్ చేస్తే చాలు.