కుక్కకు క్లిక్కర్ శిక్షణ, 4వ పాఠం: టిక్కుమంటే మంచం కింద దూరే కుక్క

క్లిక్కర్ అంటే నొక్కితే టిక్కుమనే చిన్న డబ్బా; ఆ చప్పుడైతే తిండి ముక్క వస్తుందని కుక్కకు నేర్పుతాం. పోయిన పాఠంలో చెప్పినట్టే క్లిక్కర్ నొక్కారు, ముక్క చూపించారు. కుక్క ముక్క మొహం కూడా చూడకుండా మంచం కింద దూరింది. మీ ఇంట్లో ఇలా జరిగితే మిగతా పాఠాలు ఆపి, ముందు ఇది చేయండి.

క్లిక్కర్ డబ్బాలో చిన్న ఉక్కు రేకు ఉంటుంది. నొక్కితే ఒక చప్పుడు, వదిలితే ఇంకొకటి. మన చెవి 20,000 హెర్ట్జ్ దాకా వింటే కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుంది. మనకు మామూలు టిక్కు దానికి చురుక్కుమని తగలొచ్చు. పైగా కింద బండలు, పైన స్లాబు, నడుమ సామాను లేని గది అయితే ఇంకా మోగుతుంది. అందుకే గదిలో వద్దు, వాకిట్లో చెట్టు కింద మొదలుపెట్టండి.

పారిపోవడం భయానికి చివరి గుర్తు. అంతకుముందే చెవులు వెనక్కి వాలతాయి, తోక కాళ్ల నడుమకు పోతుంది, నిద్ర రాకున్నా ఆవలిస్తుంది, తిండి లేకున్నా మూతి నాక్కుంటుంది. రొప్పడాన్ని మాత్రం ఎండాకాలంలో నమ్మవద్దు. మే నెల నల్లగొండ ఎండకు ధైర్యంగా ఉన్న కుక్క కూడా రొప్పుతుంది. పొద్దున ఆరింటికే చేస్తే ఆ అయోమయం ఉండదు.

ఇప్పుడు చప్పుడు తగ్గించాలి. మెడికల్ షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్‌ను రేకు మీద నాలుగు పొరలు అంటించండి. డబ్బాను సాక్సులో దూర్చి, పైన మందపాటి తువ్వాల చుట్టండి. అయిదడుగుల దూరంలో మీకే లీలగా వినపడాలి. అప్పటికీ బెదిరితే బాల్‌పెన్ మీట నొక్కే చప్పుడుతో మొదలుపెట్టండి.

ఇంట్లో ఒకరు చుట్టిన క్లిక్కర్‌తో 15 అడుగుల దూరంలో, కుక్కకు వీపు పెట్టి నిలబడాలి. మీరు కుక్క పక్కన ఉండండి. కట్టేయవద్దు, పోవాలనుకుంటే పోనివ్వండి. చప్పుడు కావాలి, ఆ తర్వాతే మీ చెయ్యి కదలాలి, సెకనులోపు ముక్క నోటికి అందాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చెయ్యి ముందు కదిలితే కుక్క చేతినే చూస్తుంది, చప్పుడుకు అర్థమే ఉండదు. ముక్క ముందు పెట్టి చప్పుడు తర్వాత చేస్తే ఇంకా నష్టం: ముక్క కనపడగానే ఏదో మోగబోతోందని తిండికే బెదరడం నేర్చుకుంటుంది.

ముక్కకు ఉడికించిన కోడి కార్జం మంచిది. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ తగలకూడదు. ఉల్లిగడ్డ కుక్క రక్తాన్ని చెడగొడుతుంది. పల్లిగింజలో సగం ఉంటే చాలు. కార్జం ఎక్కువైతే విరేచనాలు పడతాయి. రోజూ తినే జొన్నరొట్టె ఈ పనికి చాలదు, భయాన్ని మరిపించేంత రుచి కావాలి.

విడతకు ఎనిమిది చప్పుళ్లు, రోజుకు రెండు విడతలు. చప్పుడుకూ చప్పుడుకూ నడుమ ఒకసారి 10 సెకన్లు, ఇంకోసారి 25 ఆగండి. ముక్క అందుకునే తీరు దగ్గరగా చూడండి. రోజూ పెదవులతో మెత్తగా తీసుకునే కుక్క ఇవాళ వేళ్లకు పళ్లు తగిలేలా లాక్కుంటే భయం ఇంకా పోలేదు. చప్పుడు వినగానే చెవులు ఒదులుగా మీ వైపు తిరిగి "ముక్క ఏది?" అన్నట్టు చూస్తే కుదిరినట్టే. అప్పుడు క్లిక్కర్ పట్టుకున్నవారు రెండడుగులు దగ్గరికి రావాలి, లేదా ఒక పొర తీయాలి. రెండూ ఒకే రోజు వద్దు. బెదిరితే రెండు మెట్లు వెనక్కి వెళ్లండి.

భయపడిన కుక్కను దగ్గరికి తీస్తే భయం పెరుగుతుందంటారు. అది తప్పు. వచ్చి ఆనుకుంటే నిమరండి. మంచం కిందినుంచి మాత్రం లాగవద్దు. పిల్లలకు క్లిక్కర్ ఆటబొమ్మగా ఇవ్వవద్దు. వీధిలో బరాత్, పటాకులు ఉన్న రోజు పాఠం మానేయండి.

రెండు వారాలైనా మార్పు లేకుంటే క్లిక్కర్ వదిలేయండి. నాలుకతో "టక్" అనండి, లేదా "శభాష్" అనే మాట ఎంచుకోండి. ఇంట్లో రోజూ వాడే "సరే" పనికిరాదు. ఇన్నేళ్లూ బెదరని కుక్క ఈమధ్యే చప్పుళ్లకు ఉలిక్కిపడుతుంటే చెవిలోనో కీళ్లలోనో నొప్పి ఉండొచ్చు. ముందు పశువుల డాక్టరుకు చూపించండి.

తేదీ, దూరం, పొరలు, వెంటనే తిన్నదా లేదా, ఈ నాలుగూ నోటుబుక్కులో రాయండి. పొరలన్నీ తీసి, క్లిక్కర్ మీ చేతిలోనే ఉన్నప్పుడు వరుసగా మూడు రోజులు "వెంటనే తిన్నది" అని రాయగలిగితే 5వ పాఠం తెరవండి.