పిల్లలతో డబ్బా ఏకతార చేయబోయే ముందు

వేసవి సెలవుల్లో ఇంట్లో పడి ఉన్న డబ్బా, వెదురు కర్ర, తీగలతో పిల్లల చేత ఏకతార (ఒంటి తీగ వాద్యం) చేయించాలనుకునే చిత్తూరు, తిరుపతి వైపు తల్లిదండ్రులు ముందుగా ఈ కొన్నింటిని చూసుకోవాలి.

పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా వాడకూడదు. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టిన మందు డబ్బాలు మన తోటల షెడ్లలో మిగిలిపోతుంటాయి. వాటి అతుకుల్లో మందు నిలిచి ఉండవచ్చు, పిల్లలేమో వాద్యం పట్టుకున్న చేతినే నోట్లో పెట్టుకుంటారు. పాలపొడి డబ్బా చాలు.

తీగ బిగించేటప్పుడు పిల్లల ముఖం దానికి దగ్గరగా ఉండకూడదు. ఉక్కు తీగ తెగితే కొరడాలా ఎగిరి కంటికి తగులుతుంది. నాదం కొంత మందగించినా, మొదటిసారికి నైలాన్ గాలపు దారమే మేలు.

కోసిన డబ్బా అంచును పటకారుతో లోపలికి మడిచి టేపు చుట్టాలి.

వెదురు బాగా ఎండినదై ఉండాలి. పచ్చిది ఎండేకొద్దీ వంగుతుంది కనుక శ్రుతి నిలవదు.

స్వరాల గుర్తులకు కర్ర పొడవును కాక, తీగలో మోగే భాగాన్ని మాత్రమే కొలవాలి. అది 60 సెం.మీ. ఉంటే పైనుంచి 20 దగ్గర నొక్కితే పంచమం (ప), 30 దగ్గర పై షడ్జం (పై స) పలుకుతాయి. తీగ కర్రకు మరీ ఎత్తుగా ఉంటే నొక్కినప్పుడు సాగి, గుర్తు సరిగ్గా ఉన్నా స్వరం హెచ్చుతుంది.