మత సంస్థల బడిలో పిల్లల్ని నర్సరీలో చేర్చాలంటే ఎలా చూసుకోవాలి?

మా చుట్టుపక్కల దసరా సెలవులు అయిపోయాయంటే చాలు, నర్సరీ అడ్మిషన్ల టెన్షన్ మొదలవుతుంది. హైదరాబాద్‌లో దేనికీ కొదవ లేదు. ఆబిడ్స్, సికింద్రాబాద్ వైపు పాత కాన్వెంట్లు, బస్తీల్లో శిశుమందిరాలు, టోలీచౌకి, మెహదీపట్నం వైపు ఖురాన్‌తో పాటు ఇంగ్లిష్ కూడా నేర్పే బళ్ళు ఉన్నాయి. వీటిలో ఒకటి ఎంచుకోవాలంటే నేనైతే ఈ వరసలో వెళ్తాను.

ముందు ఇంట్లో తేల్చుకోండి

కాన్వెంట్‌లో వేస్తే ఇంగ్లిష్, క్రమశిక్షణ వస్తాయని చాలా హిందూ కుటుంబాలు చేర్పిస్తాయి. తప్పేం లేదు. కానీ ఏడాది తిరక్కుండానే పిల్ల కంచం ముందు చేతులు జోడించి ‘ఆమెన్’ అంటుంది. మా ఇంట్లో అత్తయ్య నవ్వేశారు, మా ఆయన ముఖం మాడ్చుకున్నారు. ఆ గొడవేదో ఫీజు కట్టకముందే పడాల్సింది. సొంత మతం బడి అయినా చిక్కు తప్పదు. రోజూ పూజో నమాజో చేయాలని బడిలో చెబుతారు. ఇంట్లో అది లేకపోతే ‘నాన్న ఎందుకు చేయడు?’ అని అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ప్రార్థన వేళకి వెళ్ళండి

ఓపెన్ హౌస్ రోజు కాదు, మామూలు రోజు పొద్దున. ప్రిన్సిపల్ గదిలో కూర్చుంటే అన్నీ బాగానే ఉంటాయి కాబట్టి, అనుమతి అడిగి తరగతి గుమ్మం దగ్గర నిలబడండి. ప్రార్థన ఎంతసేపు? మూడేళ్ళవాళ్ళు ఐదు నిమిషాలకే కదులుతారు. కదిలిన పిల్లని టీచర్ ఏం చేసింది?

అసలు చూడాల్సింది దేవుడి పేరు ఎందుకు వాడుతున్నారన్నది. కథ చెప్పడానికా, బెదిరించడానికా? ‘అబద్ధమాడితే కళ్ళు పోతాయి’ అని మనమూ ఇంట్లో అంటాం. అమ్మమ్మ నవ్వుతూ అంటే ఒకటి, ముప్పై మంది ముందు టీచర్ అంటే ఇంకొకటి. ఈ మాట చెవిన పడితే, ఏ మతం బడి అయినా సరే, నేను వెనక్కి వచ్చేస్తాను.

ఫారం చదివి సంతకం పెట్టండి

రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థలో పిల్లల్ని మతబోధకీ ఆరాధనకీ రమ్మని బలవంతం చేయకూడదు. మైనర్లకి సంరక్షకుల సమ్మతి కావాలి. మీ సంతకమే ఆ సమ్మతి అవుతుందేమో ఫారంలో చూసుకోండి. బడికి గుర్తింపు ఉందో లేదో కూడా అడగండి. మతబోధ సమయంలో దానికి రాని పిల్లలు ఏం చేస్తారంటే, ‘లైబ్రరీలో కూర్చుంటారు’ అంటారు. ఆ లైబ్రరీ చూపించమనండి.

చదువు సంగతి

హిందువులు బాసర వెళ్ళి అక్షరాభ్యాసం చేయిస్తారు. ముస్లిం ఇళ్ళల్లో నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకి చదువు మొదలుపెట్టించే బిస్మిల్లా వేడుక చేసే ఆనవాయితీ ఉంది. వేడుక అయింది కదా అని మర్నాటి నుంచే పేజీలు రాయించాలని కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటలతో నేర్పమంటోంది. శ్లోకమో ఖురాన్ సూరానో బైబిల్ వచనమో ఎన్ని కంఠతా పట్టించారని గొప్పగా చెప్పే బడిలో, ఇసుకలో ఆడుకోవడానికి చోటు ఉందేమో అడగండి.

దూరం, బాత్రూమ్, ఆయా, వ్యాన్ మామూలే. అరగంట దాటే ప్రయాణం వద్దు.

చేర్చాక

‘ఇవాళ బడిలో ఏం చేశారు?’ అంటే ‘ఏం లేదు’ అనే వస్తుంది. సాయంత్రం బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి టీచరాట ఆడుతున్నప్పుడు పక్కగదిలోంచి వినండి. మా పాప ఒకరోజు ఎలుగుబంటి బొమ్మకి వేలు చూపించి, ‘కళ్ళు మూసుకోకపోతే దేవుడు నిన్ను తీసుకెళ్ళిపోతాడు’ అంది. అప్పటికి నెల నుంచీ పాప లైట్ ఆర్పితే నిద్రపోవడం లేదు. ఆ బడి మాన్పించడానికి మాకు ఇంకో ఋజువు అక్కర్లేకపోయింది.