బెర్లిన్‌లో ఒక్క రోజు తిరగాలంటే: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ఇంటర్న్‌షిప్ మధ్యలో దొరికే సెలవు ఎక్కువగా టికెట్ దగ్గరే పాడవుతుంది. మెట్రో స్టేషన్లలో గేట్లుండవు కాబట్టి టికెట్ కొంటే చాలనుకుంటారు. చాలదు. కాగితం టికెట్ అంచును ప్లాట్‌ఫాం మీదున్న చిన్న పెట్టెలోకి దూర్చాలి; టక్కుమని ముద్ర పడుతుంది. తీసి చూడండి, తేదీ, సమయం కనిపించాలి. అది లేకపోతే కొన్నా కొననట్టే, 60 యూరోల జరిమానా. తనిఖీవాళ్లు మామూలు బట్టల్లోనే వస్తారు. ఫోన్ టికెట్ అయితే ఎక్కకముందే కొనండి, పవర్‌బ్యాంక్ మరవద్దు.

• టికెట్ ధర ఏ, బీ, సీ అనే జోన్లను (ప్రాంతాలను) బట్టి ఉంటుంది. ఊరిలోపలికి ఏబీ జోన్ సరిపోతుంది. పక్క ఊరు పోట్స్‌డామ్‌కు, విమానాశ్రయానికి ఏబీసీ తీసుకోవాలి.

• పార్లమెంటు గాజు గోపురం ఉచితమే, కానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయండి, ఆ రోజు అసలు పాస్‌పోర్టే పట్టుకెళ్లండి.

• చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. పెర్గమోన్ మ్యూజియం 2023 అక్టోబరు నుంచి మరమ్మతుల కోసం మూతపడింది. పాత బ్లాగులు చూసి ప్లాన్ వేసుకోకండి. రాయితీకి విద్యార్థి కార్డు కావాలి.

• ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. రొట్టె, పండ్లు శనివారమే కొనుక్కోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, ఖాళీ సీసా ఒకటి చాలు.

• ఫొటో కోసం సైకిల్ దారిలో నిలబడొద్దు. సైకిళ్లు వేగంగా వస్తాయి, నిజంగా దెబ్బలు తగులుతాయి.

• కొన్ని మరుగుదొడ్లకు కావాలి కాబట్టి చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి.