మీ పేటలో నడవగలరా? టేపు పట్టుకుని తేల్చుకోండి ఇలా

మా ఇంటి నుంచి పార్కుకి నడిస్తే ఎనిమిది నిమిషాలు. అయినా పొద్దున ఆరింటికి ఆ పార్కు గేటు ముందు చూస్తే వరసగా స్కూటర్లు ఉంటాయి, వాకింగ్‌కి బండి మీద వచ్చినవాళ్లవి. వాటిలో నాదీ ఒకటి ఉండేది. మా బద్ధకమే అనుకునేవాణ్ణి గానీ, ఒకసారి బండి రిపేరుకిచ్చి మా అమ్మని తీసుకుని నడిచి వెళ్లాక అసలు సంగతి తెలిసింది: పార్కు బాగానే ఉంది, పార్కుకి వెళ్లే దారే లేదు.

విజయవాడలో సత్యనారాయణపురమైనా పటమటైనా సింగ్‌నగరైనా, మీ పేట మనిషిని నడవనిస్తుందో లేదో తేల్చడానికి ఇంజనీరు అక్కర్లేదు. టేపు, నోట్‌బుక్, ఫోను ఉంటే చాలు. వీలైతే ఇంట్లో పెద్దావిడనో చిన్నపిల్లనో వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే మనం అలవాటుగా దాటేసే గుంతలు వాళ్లకే కనపడతాయి.

ముందు ఒక కాగితం మధ్యలో మీ ఇల్లు గీసి, చుట్టూ మీరు తరచూ వెళ్లేవి రాయండి: పాల ప్యాకెట్టు, కూరగాయలు, బడి, మందుల షాపు, బస్టాపు, గుడి, పార్కు. పది నిమిషాల నడక అంటే సుమారు ఏడెనిమిది వందల మీటర్లు. అంత దగ్గర్లో ఉండి కూడా మీరు బండి తీస్తున్నవి ఏవో వాటికి ఎర్ర గీత పెట్టండి. ఇక మీ సర్వే అంతా ఆ ఎర్ర గీతల మీదే. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కదా, రోజూ కూరలకి పది నిమిషాలు చురుగ్గా వెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చినా 140 అవుతాయి, ఏ జిమ్ముకీ డబ్బు కట్టకుండానే.

రెండోది ఫుట్‌పాత్. రోడ్లు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇళ్లున్న ప్రాంతాల్లో అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు ఉండాలి. రోడ్డు మీద నుంచి దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు, మన లెక్కలో ఆరంగుళాలు మించకూడదు. మొత్తం వెడల్పు కొలిచి సంబరపడకండి, అన్నిటికన్నా ఇరుకైన చోట కొలవండి. మా వీధిలో ఫుట్‌పాత్ చూడటానికి ఆరడుగులే, కానీ ట్రాన్స్‌ఫార్మర్ కంచెకీ పక్క షాపు ర్యాంపుకీ మధ్య మిగిలింది అడుగున్నర. అది దాటగానే డ్రైనేజీ మీద పలక ఒకటి సగానికి విరిగి, లోపల నల్లటి నీళ్లు కనపడుతున్నాయి. మా అమ్మ అక్కడిదాకా వచ్చి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, మారు మాట్లాడకుండా రోడ్డు మీదకి దిగిపోయింది. అలా ఎన్నిసార్లు రోడ్డు మీదకి దిగాల్సి వచ్చిందో లెక్కపెట్టి రాసుకోండి. మా ఎనిమిది నిమిషాల దారిలో పదకొండుసార్లు.

నేను టేపు సాగదీస్తుంటే పక్కనే ఇడ్లీ బండి ఆవిడ కంగారుగా అడిగింది, "ఏం బాబూ, కార్పొరేషనోళ్లా? బండి తీసేయమంటారా?" కాదండీ అని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇక్కడొక మాట, చాలామంది ఫుట్‌పాత్ అనగానే బళ్లవాళ్ల మీద పడతారు, నాకది నచ్చదు. రాత్రి తొమ్మిదింటికి మా సందులో ఆడవాళ్లు ధైర్యంగా నడుస్తున్నారంటే ఆ బండి లైటూ అక్కడ నిలబడే నలుగురు మనుషులే కారణం. బీసెంట్ రోడ్డులో జనం నడిచేదీ చూడ్డానికి, కొనడానికి ఏదో ఉందనేగా. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకి చోటు చూపించాలనే చెబుతోంది. బండి ఉన్నాక కూడా మనిషి పట్టేంత దారి మిగిలిందా అన్నదే మీరు కొలవాల్సింది.

తర్వాత రోడ్డు దాటడం. ఏలూరు రోడ్డో బందరు రోడ్డో మీ దారిలో ఉంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు 0.8 నడిస్తే గొప్ప. పదిహేను మీటర్ల రోడ్డుకి మనకి 13 సెకన్లు, వాళ్లకి 19. సిగ్నల్ ఎన్ని సెకన్లు ఇస్తోందో చూసుకోండి. సిగ్నలే లేకపోతే, దాటడానికి ఎంతసేపు నిలబడ్డారో రాయండి.

నీడ సంగతి మన బెజవాడలో వదిలేస్తే సర్వే దండగ, ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు. సాయంత్రం నాలుగున్నరకి వంద అడుగులు వేసి, వాటిలో ఎన్ని నీడలో పడ్డాయో లెక్కపెట్టండి. కానుగలూ నిద్రగన్నేర్లూ ఉన్న వీధికీ, కరెంటు తీగల కోసం కొమ్మలన్నీ కొట్టేసిన వీధికీ తేడా మీ చెప్పుల కిందే తెలుస్తుంది. ఊరి మధ్యలోంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలు పోతున్నాయి కాబట్టి గట్టు దగ్గర్లో ఉంటే అదీ చూడండి, నడవడానికి ఉందా, చెత్త పోయడానికి ఉందా అని.

అదే దారిలో రాత్రి ఏడున్నరకి ఇంకోసారి వెళ్లండి. ఏ రెండు స్తంభాల మధ్య చీకటి ఉంది, కుక్కలు ఎక్కడ గుంపుగా ఉన్నాయి, ఆడపిల్ల ఒక్కతే వస్తే ఎక్కడ నడక వేగం పెంచుతుంది? ఇది మగవాళ్లు ఊహించి రాసేది కాదు, ఇంట్లో వాళ్లని అడిగి రాయండి. బాత్రూమ్ గురించీ అడగండి. షుగరున్న మా పిన్ని పార్కుకి రాకపోవడానికి కారణం అదొక్కటే, గది ఉంది గానీ దానికెప్పుడూ తాళమే. వాన పడ్డ మర్నాడు కూడా ఒక రౌండ్ వేసి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో ఫొటో తీసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

గాలి కొలవడానికి మన దగ్గర పరికరం ఉండదు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో చూడొచ్చు. అందులో గాలి నాణ్యత సూచీ (AQI) 100 లోపుంటే ఫర్వాలేదు, 200 దాటితే ఆరోజు ఇంట్లోనే వ్యాయామం చేసుకోండి.

చివరగా, ఇదంతా కలిపి మార్కులు వేయకండి, పదికి ఆరు వచ్చిందంటే ఎవరూ ఏమీ చేయరు. దారిలో అన్నిటికన్నా చెడ్డ మూడు చోట్లు ఎంచుకుని, ఒక్కో చోటికి ఒక ఫొటో, ఒక కొలత, ఇంటి నంబరో స్తంభం నంబరో రాసి, వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం ఫిర్యాదుల రోజున అదే కాగితం కార్పొరేషన్‌కి పట్టుకెళ్లండి. మాకు విరిగిన పలక మార్చడానికి నెలన్నర పట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా అక్కడే ఉంది. అమ్మ మాత్రం ఇప్పుడు పదకొండుసార్లకి బదులు పదిసార్లే రోడ్డు మీదకి దిగుతోంది, వస్తూ వస్తూ ఆ బండి దగ్గర ఇడ్లీ కట్టించుకుని వస్తోంది.