కంపోస్ట్ యార్డులో వేడి లెక్క తప్పితే: లక్షణం, కారణం, ఏం చెయ్యాలి

మున్సిపాలిటీ తడి చెత్తనో, రైతు బజార్ కూరగాయల వ్యర్థాన్నో విండ్రోలుగా (పొడవాటి వరస కుప్పలుగా) పోసి ఎరువు చేసే యార్డులో పనిచేసేవాళ్ల కోసం ఇది. మేడ మీద డ్రమ్ములో చేసుకునేవాళ్లకి ఇందులో సగం అక్కర్లేదు. థర్మామీటర్ అంకె ఒక్కటే చూసి జేసీబీని పిలవకండి, పైపు పట్టకండి. 42 డిగ్రీలు ఉందంటే కుప్ప ఎండిపోయి ఉండొచ్చు, నీళ్లెక్కువై ఉండొచ్చు, గాలాడక ఉండొచ్చు, పనే అయిపోయి ఉండొచ్చు. అంకె పక్కన వాసన, తడి, నిన్నటి రీడింగ్ పెట్టి చూస్తేనే సంగతి తెలుస్తుంది.

బాగా నడిచే కుప్ప రెండు మూడు రోజుల్లో 50 దాటుతుంది, 55 నుంచి 65 మధ్య కొన్ని వారాలు ఉంటుంది, తిప్పినప్పుడల్లా పడి మళ్లీ లేస్తుంది, ఆ తర్వాత మెల్లగా చల్లబడుతుంది. 65 దాటితే మనకి పనిచేసిపెట్టే సూక్ష్మజీవులే చావడం మొదలవుతుంది. 70 దాటాక జరిగేది ఎరువు తయారవడం కాదు, ఉడకడం.

రిజిస్టర్‌లో అన్ని కుప్పలకీ 58, రోజూ 58

జబ్బు కుప్పది కాదు, కొలతది. కుర్చీలో కూర్చుని రాస్తున్నారు, లేదా థర్మామీటర్ ముల్లు ఇరుక్కుపోయింది. రెండోదే అయితే సాధారణంగా ఎవరో దాన్ని గడ్డపారలా పొడిచి కాడ వంచేసి ఉంటారు. గ్లాసులో ఐస్ ముక్కలు నలగ్గొట్టి, కొంచెం నీళ్లు పోసి, కాడ కొసని అందులో ఉంచండి, 0 చూపించాలి. తర్వాత మరిగే నీళ్లలో పెట్టండి. విశాఖలో అయితే 100 దగ్గర ఆగాలి, హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడ 98 చూపిస్తే సరిగ్గా ఉన్నట్టే, దాన్ని పాడైందని పారేయకండి.

కాడ కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి. డయల్ థర్మామీటర్‌లో వేడిని పసిగట్టేది కొసనున్న రెండు మూడు అంగుళాలే, కాబట్టి కొస ఎక్కడుందో ఆ చోటి వేడే మీకు కనిపిస్తుంది. ముందు ఇనుప చువ్వతో బెజ్జం చేసి, నడుం ఎత్తులో పక్క నుంచి వాలుగా దించి, ముల్లు కదలడం ఆగేదాకా మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఒకటి అడుగు లోతున, ఒకటి మూడడుగుల లోతున, కుప్ప పొడవునా నాలుగైదు చోట్ల, రోజూ ఒకే వేళకి, తిప్పకముందే చూడాలి. తిప్పిన వెంటనే తీసిన రీడింగ్ దేనికీ పనికిరాదు. రిజిస్టర్‌లో వాసనకీ తడికీ కూడా ఒక గడి గీయండి, ఆ గడి నింపాలంటే మనిషి కుప్ప దాకా వెళ్లక తప్పదు.

కుప్ప వేడెక్కడమే లేదు

పైపైన కాకుండా ఒక మూర లోపలి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలు రాలితే తడి సరిపోయింది, అంటే 50 నుంచి 60 శాతం మధ్య ఉన్నట్టు. ధారగా కారితే నీళ్లెక్కువ. గుప్పిట తెరవగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చాలవు.

నీళ్లెక్కువైతే (అరటి బొందలు, టమాటా, పుచ్చకాయ తొక్కలు ఎక్కువ వచ్చిన వారం చూడండి) ఎండుటాకులు, చెరకు పిప్పి, కొబ్బరి పీచు, తరిగిన వరిగడ్డి కలిపి తిప్పాలి. వరి ఊక చవగ్గా దొరుకుతుందని అదే పోస్తుంటారు. గాలి సందులకి బాగానే ఉంటుంది కానీ అందులో సిలికా ఎక్కువ, సూక్ష్మజీవులు దాన్ని తొందరగా తినలేవు, దాన్ని కర్బనం లెక్కలో వేసుకోకండి. ఎండిపోయిన కుప్పకి పై నుంచి పైపు పెడితే నీళ్లు పక్కల నుంచి జారి కింద మడుగు కడతాయి, లోపల అంతా పొడిగానే ఉంటుంది, కాబట్టి తిప్పుతూ తడపాలి.

తడి సరిగ్గానే ఉన్నా చల్లగా ఉంటే రెండే అనుమానాలు. కొమ్మలు, ఎండుటాకులు ఎక్కువై నత్రజని చాలక, లేదా కుప్ప మరీ చిన్నదై. మొదటిదానికి పేడ నీళ్లు గానీ కోళ్ల పెంట గానీ కలపండి. మీటరు కన్నా తక్కువ ఎత్తున్న కుప్ప వేడిని పట్టుకోలేదు, పక్కదానితో కలిపేసి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల ఎత్తు చెయ్యండి.

ఎక్కింది, నాలుగు రోజులకే పడిపోయింది

తిప్పి, మర్నాడు చూడండి. మళ్లీ లేచిందంటే లోపల గాలి అయిపోయి ఆగింది, అంతే. తిప్పేటప్పుడు కుళ్లిన గుడ్ల వాసన కూడా వస్తే ఖాయం. ఇకపై తిప్పే గడువు దగ్గర చెయ్యండి, ముతక సరుకు కలపండి. తిప్పినా లేవకపోతే గుప్పెడు పిండి చూడండి, ఎండిపోయి ఉంటుంది, అదీ కాకపోతే, వారాల తరబడి నడిచిన కుప్ప అయితే, నిజంగానే పని పూర్తయింది.

ఈ "పూర్తయింది" దగ్గరే చాలామంది తొందరపడతారు. రోగకారక క్రిములు చావాలంటే విండ్రో పద్ధతిలో 55 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేడి 15 రోజులు ఉండాలి, ఆ లోపు కనీసం 5 సార్లు తిప్పాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మురుగు బురద కంపోస్టుకి పెట్టిన నియమమిది, మన తడి చెత్తకీ మంచి కొలబద్దే. అన్నిసార్లు తిప్పమనడం ఎందుకంటే, పై పొర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, అందులో క్రిములూ కలుపు విత్తనాలూ బతికే ఉంటాయి. తిప్పడమంటే పైది లోపలికీ లోపలిది పైకీ రావాలి, జేసీబీతో ఎత్తి అక్కడే దులిపేస్తే అది లెక్కలోకి రాదు.

కళ్లు మండుతున్నాయి, ఘాటు వాసన

అమ్మోనియా. చికెన్ షాపుల వ్యర్థమో కోళ్ల పెంటో ఎక్కువ పడింది. ఎండు సరుకు కలపండి. వాసన రాగానే సున్నం, బ్లీచింగ్ చల్లడం మన దగ్గర అలవాటు, దయచేసి ఇక్కడ వద్దు. సున్నం పడితే అమ్మోనియా ఇంకా ఎగదన్నుతుంది. బ్లీచింగ్, అమ్మోనియా కలిస్తే పుట్టే గ్యాసు ఊపిరితిత్తులకి ప్రమాదం.

70 దాటి ఇంకా ఎక్కుతోంది, లేదా పొగ

తడి గడ్డిని వాము వేస్తే లోపల కాగి ఒక్కోసారి అంటుకుంటుందని రైతులకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడా అదే. బాగా తడిగా ఉంటే ఆవిరి వేడిని బయటికి తీసుకుపోతుంది, పూర్తిగా ఎండితే సూక్ష్మజీవులు ఆగిపోతాయి. 25 నుంచి 45 శాతం తడి ఉన్న నడిమి స్థితే ప్రమాదం, అందులోనూ మూడు మీటర్లు దాటిన ఎత్తైన కుప్పలో. 90 దాటాక సూక్ష్మజీవులతో పనే లేదు, రసాయన చర్యతో దానంతటదే కాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో జల్లెడ పట్టగా మిగిలిన రిజెక్ట్ సరుకు, నిల్వ ఎరువు గుట్టల మీద ఎక్కువ కన్నేయండి. ఎవరూ తిప్పనివీ, ఎవరూ కొలవనివీ అవే.

70 దగ్గర ఉండగానే పట్టుకుంటే పని తేలిక: ఎత్తు ఒకటిన్నర మీటర్లకి దించి, తడుపుతూ తిప్పండి.

పైకి లేచేది ఆవిరా, పొగా? ఆవిరి తెల్లగా లేచి నాలుగడుగుల్లో మాయమవుతుంది. పొగ గాలివాటున సాగుతుంది, మాడిన వాసన బట్టలకి పడుతుంది. ఎరువు వేడిని దాచేస్తుంది కాబట్టి నిప్పున్న చోటికి అర మీటరు పక్కన థర్మామీటర్ మామూలు అంకె చూపించవచ్చు. అనుమానం ఉన్న చోట మీటరుకొకటి చొప్పున పొడిచి చూడండి, కానీ కుప్ప ఎక్కి మాత్రం కాదు. లోపల కాలి డొల్ల అయి ఉంటే కాలు దిగబడుతుంది.

పొగ నిజమే అయితే వెంటనే జేసీబీతో నడిమికి చీల్చకండి, గాలి తగలగానే భగ్గుమంటుంది. పై నుంచి ట్యాంకర్ గుమ్మరించడమూ దండగ, మాడిన సరుకు నీళ్లని పీల్చుకోదు, నీళ్లు ఒక దారి చేసుకుని పోతాయి. ముందు 101కి ఫోన్ చెయ్యండి. పక్క కుప్పల్ని దూరం జరపండి, మనుషుల్ని గాలి వచ్చే వైపు ఉంచండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. పైపు సిద్ధంగా ఉన్నాకే అంచు నుంచి చిన్న చిన్న బకెట్లుగా తీసి, ఖాళీ నేల మీద పల్చగా పరిచి, తడిపి కలియబెట్టాలి. ఆ రాత్రి కాపలా ఉండాల్సిందే.

నిప్పు బయటి నుంచి కూడా రావచ్చు. ఫోన్ బ్యాటరీలు, లైటర్లు, బీడీ ముక్కలు, హోటళ్ల బొగ్గులు. భోగి మర్నాడు వచ్చే లోడ్లని విడిగా దించి ఒక పూట ఆగి చూడండి.

లీచేట్ (కుప్పల నుంచి కారే మురికి నీటి) గుంటలో వాసన తగ్గింది

మంచిదైపోయిందనుకోకండి. కుళ్లిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దాకా వెళ్తే ముక్కు దాన్ని గుర్తించడం మానేస్తుంది. పంపు ఇరుక్కుందని లోపలికి దిగడం, దిగినవాడు పడిపోతే ఇంకొకడు దూకడం, ఇలాంటి చోట్ల చాలా చావులు ఈ వరసలోనే జరుగుతాయి. తాడు కట్టి పంపుని పైకి లాగే ఏర్పాటు ముందే పెట్టుకోండి. దిగక తప్పకపోతే గ్యాస్ మీటర్‌తో చూశాకే, ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువుంటే ససేమిరా వద్దు, శిక్షణ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ దిగకూడదు.

తిప్పేటప్పుడు దుమ్ము, ఆవిరి

దుమ్ములో ఆస్పర్‌గిల్లస్ అనే బూజు విత్తులుంటాయి. గుడ్డ కట్టుకుంటే ఆగవు, ఎన్-95 కావాలి. ఆస్తమా ఉన్నవాళ్లని ఆ పనికి పెట్టకండి. డిసెంబర్ పొద్దుటిపూట ఆవిరికి మంచు తోడై డ్రైవర్‌కి వెనక ఏమీ కనపడదు, ఎండెక్కాక తిప్పితే సరిపోతుంది.

సంచి కట్టాక వెచ్చబడింది

ఎరువు పచ్చిగానే ఉంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టులో తడి 15 నుంచి 25 శాతం మధ్య, కర్బన నత్రజని నిష్పత్తి 20 లోపు (నత్రజనికి 20 రెట్లకన్నా తక్కువ కర్బనం) ఉండాలి. తడి తగ్గిందని మాత్రం చూసి సంచి కట్టేస్తే ఇలాగే అవుతుంది, ఎందుకంటే ఎండబెట్టినా చల్లబడుతుంది, అది పండినట్టు కాదు. గుప్పెడు తడిపి ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి మూడు రోజులుంచండి. తెరిస్తే మట్టి వాసన రావాలి. పులిసిన కంపు వస్తే ఆ లాట్ మొత్తం సంచులు విప్పి, తడిపి, మళ్లీ కుప్ప వెయ్యండి.